ఇంటి వర్క్‌షాపులో బ్యాండ్ సా: కొనేముందు చూసుకోవాల్సినవి, కొన్నాక సరిచేసుకోవాల్సినవి

బ్యాండ్ సా, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం, కొత్తగా కొన్నవాళ్ళలో చాలామంది మొదటి వారంలోనే నిరాశపడతారు. గీత మీద మొదలైన కోత పక్కకు లాగేస్తుంది. పలకను అంచు మీద నిలబెట్టి మందాన్ని రెండుగా చీలిస్తే మధ్యలో పొట్ట వస్తుంది. బ్లేడు టిక్‌టిక్‌మంటుంది. యంత్రం నాసిరకమని తేల్చేసి, ఇంకో పెద్దది వెతకడం మొదలుపెడతారు. ఈ మూడింటికీ కారణం చాలాసార్లు యంత్రం కాదు, బ్లేడు, దాని బిగువు, గైడ్ల (బ్లేడు పక్కకూ వెనక్కూ తప్పుకోకుండా ఆపే భాగాల) అమరిక. పెట్టెలోంచి తీసిన బ్యాండ్ సా ఏ కంపెనీదైనా కోతకు సిద్ధంగా ఉండదు. దాన్ని ఒక వరుసలో సరిచేసుకోవాలి. ఆ వరుసలో ఒకటి తప్పితే దాని మీద నిలబడే మిగతావన్నీ తప్పుతాయి.

ఇంట్లో ఒక్క యంత్రానికే చోటు, డబ్బు ఉంటే అది బ్యాండ్ సా కావడం మంచిదని మా అభిప్రాయం. గుండ్రటి బ్లేడు ఉండే టేబుల్ సా ఒక్కో కోతకు సుమారు 3 మి.మీ. చెక్కను పొట్టు చేస్తుంది. బ్యాండ్ సా 1 మి.మీ. దగ్గరే ఆగుతుంది. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే టేకు దూలాలు, గుమ్మాలు చీల్చుకునేవారికి ఈ తేడా ఒక పలక మిగిలినంత. పైగా బ్లేడు చెక్కను కిందికి, బల్ల వైపే నొక్కుతుంది కాబట్టి చెక్క మనిషి మీదికి ఎగిరి రావడం ఉండదు. వంపులూ ఇదే కోస్తుంది.

ఎంత సైజు కావాలి

బ్యాండ్ సా సైజంటే దాని చక్రం వ్యాసం. 14 అంగుళాల యంత్రంలో బ్లేడుకూ ఎడమ వైపు స్తంభానికీ మధ్య దాదాపు పదమూడున్నర అంగుళాల చోటు ఉంటుంది. అంతకంటే వెడల్పాటి ముక్క అటువైపు పట్టదు. రెండో కొలత ఎత్తు, అంటే పై గైడును పూర్తిగా లేపినప్పుడు బల్ల మీద ఎంత మందం చెక్క పడుతుందన్నది. పోత ఇనుముతో చేసే పాత తరహా 14 అంగుళాల యంత్రాల్లో ఇది 6 అంగుళాలే. స్తంభం మధ్యలో 6 అంగుళాల అదనపు దిమ్మె పెట్టి 12 అంగుళాలకు పెంచుకోవచ్చు కానీ, అలా పెంచిన ఫ్రేము పెద్ద బ్లేడు బిగువుకు కొంచెం వంగుతుంది. ఉక్కు రేకును మడిచి వెల్డింగ్ చేసిన ఫ్రేముల్లో దిమ్మె లేకుండానే 10 నుంచి 13 అంగుళాల ఎత్తు వస్తుంది, బిగువూ బాగా తట్టుకుంటాయి. చీల్చడమే ముఖ్యమైన పని అయితే ఉక్కు ఫ్రేమే తీసుకోండి.

బల్ల మీద పెట్టుకునే 9, 10 అంగుళాల యంత్రాలు బొమ్మలు, పెట్టెలు, చిన్న వంపులు చేసేవారికి సరిపోతాయి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు లాంటి తేలికపాటి కర్రను అవి సునాయాసంగా కోస్తాయి. నాలుగంగుళాల ఎత్తు చేవ టేకును పెడితే ఆయాసపడతాయి. మూడు చిన్న చక్రాలతో తిరిగే రకం మాత్రం కొనకండి. చిన్న చక్రం చుట్టూ పదేపదే వంగి బ్లేడు త్వరగా తెగుతుంది.

గదిలో యంత్రం పట్టడం ఒక్కటే చాలదు. 8 అడుగుల పలకను చీల్చాలంటే బ్లేడుకు ముందు 8 అడుగులు, వెనక 8 అడుగులు ఖాళీ ఉండాలి. పదడుగుల గదిలో యంత్రాన్ని తలుపుకు సూటిగా పెట్టి, పలక చివర గుమ్మంలోంచి బయటికి వెళ్ళేలా చూసుకోవడం చాలామందికి అక్కరకొచ్చే ఉపాయం.

చట్టం విషయం కూడా కొనేముందే చూసుకోవాలి. దుంగలు కోసే సామిల్లులకు అటవీ శాఖ లైసెన్సు తప్పనిసరి. కోసిన సైజులు తెచ్చుకుని ఇంట్లో సామాను చేసుకోవడం వేరు, దుంగలు తెచ్చి కోయడం వేరు. మీరు చేయబోయే పని ఏ కోవలోకి వస్తుందో దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

మోటారు, కరెంటు

14 అంగుళాల యంత్రానికి 1 హెచ్‌పీ కనీసం. ఆరంగుళాల పైబడి చీల్చాలంటే ఒకటిన్నర నుంచి 2 హెచ్‌పీ ఉండాలి. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు పూర్తి భారం మీద సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు. అందుకే దాన్ని 6 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించకూడదు. మీటరు బోర్డు నుంచి విడిగా 2.5 చ.మి.మీ. రాగి తీగ లాగి, 16 ఆంపియర్ల సి-టైప్ ఎంసీబీ, 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించండి. దూరం 20 మీటర్లు దాటితే 4 చ.మి.మీ. తీగ వేయించాలి. ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు.

పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ 180కి పడిపోతుంటే అది మోటారుకు పెద్ద దెబ్బ. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గం లెక్కన తగ్గుతుంది. 230కి బదులు 180 వస్తే మిగిలే బలం నూటికి 61 వంతులే. చెక్కలో బ్లేడు ఆగిపోతుంది, మోటారు కాలుతుంది. అలాంటి చోట చీల్చే పని పగలు పెట్టుకోవాలి. మామూలు స్విచ్చుకు బదులు, కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను ఆన్ కాని స్టార్టరు, భారం మించితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేతో సహా పెట్టించండి. కరెంటు పోయిందని బ్లేడు దగ్గర చెయ్యి పెట్టి ముక్క సర్దుతుండగా అది ఒక్కసారిగా వచ్చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అమెరికా నుంచి సామానుతోపాటు యంత్రాన్ని కూడా తెచ్చుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. అక్కడి మోటారు 60 హెర్ట్జ్‌కి చేసింది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. ఇక్కడి 50 హెర్ట్జ్ మీద బ్లేడు వేగం ఆరింట ఒక వంతు తగ్గుతుంది, మోటారు మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఆ మోటారు తీసేసి ఇక్కడి 1440 ఆర్‌పీఎం మోటారు బిగించి, మోటారు పుల్లీని 1.2 రెట్లు పెద్దది వేయించడం తిన్నని దారి.

పుల్లీ లెక్క తెలిస్తే పాత యంత్రాలకూ పనికొస్తుంది. చెక్కకు బ్లేడు వేగం నిమిషానికి సుమారు 3,000 అడుగులు ఉండాలి. 14 అంగుళాల చక్రం ఆ వేగానికి నిమిషానికి 820 చుట్లు తిరగాలి. 1440 ఆర్‌పీఎం మోటారు మీద 4 అంగుళాల పుల్లీ, కింది చక్రం షాఫ్టు మీద 7 అంగుళాల పుల్లీ వేస్తే 823 వస్తుంది. కొందరు ఇనుము కోసే బ్యాండ్ సాను చవగ్గా దొరికిందని తెచ్చుకుంటారు. దాని వేగం చాలా తక్కువ, చెక్క కోయడానికి పనికిరాదు.

పాత యంత్రం కొంటుంటే

కరెంటు తీసేసి పై చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. టకటకమంటే బేరింగులు పోయినట్టు. అది పెద్ద ఖర్చు కాదు. తర్వాత ఒక పుల్లను ఫ్రేముకు ఆనించి, దాని కొస చక్రం అంచుకు తగలీ తగలనట్టు పెట్టి చక్రం తిప్పండి. సందు ఒక చోట పెరిగి ఒక చోట తగ్గుతూ, తేడా మిల్లీమీటరు దాటితే చక్రం వంకర, లేదా రబ్బరు టైరు ఒక వైపు అరిగింది. టైరు మార్చుకోవచ్చు, చక్రం వంకరైతే వదిలేయండి. బల్ల కింద దాన్ని వాల్చే అర్ధచంద్రాకారపు భాగాలు ఉంటాయి. చవక యంత్రాల్లో అవి పెళుసు లోహంతో పోతపోసినవి, వాటిలో పగుళ్ళు చూడండి. చక్రాల తలుపులు, బ్లేడు కవర్లు లేని యంత్రాన్ని ఎంత చవకైనా ఉన్నది ఉన్నట్టుగా నడపకూడదు. కవర్లు చేయించే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

మోటారు త్రీ ఫేజ్‌ది, ఇంట్లో సింగిల్ ఫేజే ఉందనుకోండి. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్ దొరుకుతుంది. మోటారు ప్లేటు మీద 230 వోల్టుల డెల్టా అని ఉంటేనే అది నేరుగా కుదురుతుంది.

అసలు కోసేది బ్లేడు

యంత్రంతోపాటు వచ్చే బ్లేడును పరీక్షలకు వాడుకోండి, పనికి మంచి బ్లేడు విడిగా కొనండి. ముందు పొడవు. చక్రాలు రెండూ ఒకే సైజైతే, రెండు చక్రాల కేంద్రాల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, చక్రం వ్యాసాన్ని 3.14తో గుణించి కలపాలి. మామూలు 14 అంగుళాల పోత ఇనుము యంత్రంలో అది తొంభై మూడున్నర అంగుళాలు, అంటే 2,375 మి.మీ. దిమ్మె పెట్టినదైతే 105 అంగుళాలు. కొలిచేటప్పుడు బిగువు మర ప్రయాణంలో పై చక్రం సగంలో ఉండాలి. చాలా పట్టణాల్లో రంపాలు సానపట్టే దుకాణాల్లో చుట్టలోంచి కోసి అతికి ఇస్తారు. అతుకు దగ్గర వేలితో వీపు వైపు తడిమి చూడండి. మెట్టు తగలకూడదు, రెండు పక్కలా ఉబ్బు ఉండకూడదు. తిన్నని బద్ద మీద ఆనించి చూస్తే వీపు ఒకే గీతలో ఉండాలి. అతికిన తర్వాత దాన్ని మళ్ళీ వేడిచేసి మెత్తబరచకపోతే అతుకు పెళుసుగా ఉండి మొదటి గంటలోనే విరుగుతుంది. అది చేశారా అని అడిగే తీసుకోండి.

వెడల్పు మీరు కోసే వంపును బట్టి ఉంటుంది. పావు అంగుళం బ్లేడు సుమారు 5/8 అంగుళం వ్యాసార్థం దాకా తిరుగుతుంది. 3/8 బ్లేడు ఒకటిన్నర అంగుళాలు, అర అంగుళం బ్లేడు రెండున్నర, ముప్పావు బ్లేడు అయిదున్నర. అంతకంటే చిన్న వంపులో తిప్పితే బ్లేడు మెలిపడి వీపు చెక్కకు రాసుకుంటుంది, కాలిన వాసన వస్తుంది. 14 అంగుళాల యంత్రానికి ముప్పావు బ్లేడు పడుతుందని కాగితం మీద రాసి ఉన్నా, దానికి కావాల్సినంత బిగువు ఆ ఫ్రేము ఇవ్వలేదు. చీల్చడానికి అర అంగుళం బ్లేడును సరైన బిగువుతో వాడితే వదులుగా ఉన్న ముప్పావు బ్లేడు కంటే తిన్నగా కోస్తుంది.

మందం సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. 14 అంగుళాల చక్రానికి 0.5 నుంచి 0.65 మి.మీ. మందం బ్లేడు సరి. గట్టిగా ఉంటుందని 0.9 మి.మీ. బ్లేడు వేస్తే, చక్రం చుట్టూ వంగినప్పుడల్లా పళ్ళ మధ్య గుంటల్లో సన్నటి పగుళ్ళు మొదలై తెగుతుంది.

ఇక పళ్ళు. కోసేటప్పుడు చెక్కలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఉండాలి. అలాగని ఎక్కువైతే గుంటలు పొట్టుతో నిండిపోయి పొట్టుకు బయటికి దారి ఉండదు. బ్లేడు పక్కకు తప్పుకుంటుంది. చీల్చేటప్పుడు వచ్చే పొట్టకు పెద్ద కారణం ఇదే. ఆరంగుళాల ఎత్తు చీల్చడానికి అంగుళానికి 3 పళ్ళు, ముందుకు వంగిన కొక్కెం లాంటి పళ్ళది తీసుకోండి. అంగుళం, ఒకటిన్నర అంగుళాల పలకలకు 4 నుంచి 6. పావు అంగుళం ప్లైవుడ్‌కు 14. పనంతటికీ ఒకే బ్లేడు పెట్టుకునేవారికి మా సలహా 3/8 అంగుళం, 4 లేదా 6 పళ్ళది. రెండోది కొనగలిగితే చీల్చడానికి అర అంగుళం, 3 పళ్ళది.

టేకులో సిలికా ఉంటుంది. ఇసుక లాంటి ఆ పదార్థం మామూలు కార్బన్ స్టీల్ పళ్ళను త్వరగా మొద్దుబారుస్తుంది. కొబ్బరి మాను ఇంకా కఠినం. ఎక్కువగా టేకే కోసేవారికి బైమెటల్ బ్లేడుకు (పళ్ళ కొసలు ఇంకా గట్టి ఉక్కుతో చేసినది) పెట్టిన అదనపు ఖర్చు తిరిగి వస్తుంది. కార్బైడ్ బ్లేడు అంతకంటే ఎక్కువకాలం మన్నుతుంది కానీ, దానికి కావాల్సిన బిగువు చిన్న ఫ్రేములకు భారం. పాత గుమ్మాలు, దూలాలు కోసేముందు అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతకండి. మేకు తల విరిగి లోపల ఉండిపోతుంది, పైన కనబడేది చిన్న నల్ల మచ్చే. టేకులో ఇనుము చుట్టూ చెక్క నల్లబడి ఉంటుంది, ఆ మచ్చే గుర్తు.

సరిచేసే వరుస

ప్లగ్గు పీకేసి మొదలుపెట్టండి. 14 అంగుళాల యంత్రం 100 కిలోల దాకా బరువు ఉంటుంది. దాన్ని బల్ల పట్టుకుని ఎత్తితే బల్ల కింది భాగాలు విరుగుతాయి. స్తంభం, అడుగు పట్టుకుని ఇద్దరు లేపాలి. నేల మీద రసమట్టం పెట్టి చూసి, ఊగకుండా కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టండి. పైభాగం బరువెక్కువ, వాలే గుణం ఉన్న యంత్రం కాబట్టి నేలకు బోల్టులు వేయడం ఉత్తమం. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీ పూసిన జిడ్డును కిరసనాయిలుతో తుడిచి బల్లకు మైనం రుద్దండి. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో పోత ఇనుము బల్ల ఒక్క వానాకాలంలో ఎర్రబడుతుంది. మైనం నెలకోసారి పట్టించాలి, నూనె పూస్తే అది చెక్కకు అంటుకుని తర్వాత పాలిష్ పట్టదు.

చక్రాల టైర్లు చూడండి. పొట్టు, జిగురు పట్టి ఉంటే గీకేయండి. పగుళ్ళుంటే మార్చండి. మంచి టైరు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, బ్లేడును మధ్యకు లాగి ఉంచేది ఆ ఉబ్బే.

రెండు చక్రాలూ ఒకే సమతలంలో ఉన్నాయా చూడటం తర్వాత. బ్లేడు వేసి (ఎలా వేయాలో దీని తర్వాతే ఉంది) బిగువు ఇచ్చాకే కొలవాలి, ఎందుకంటే బిగువుకు ఫ్రేము కొంచెం కదులుతుంది. మీటరుకు పైబడిన పొడవున్న, తిన్ననైన అల్యూమినియం బద్దను చక్రాల అంచుల మీద ఆనించండి. బల్ల అడ్డొస్తే విప్పేయాలి. నాలుగు చోట్లా తగిలితే సరే. ఒక చక్రం వెనకబడితే ఎంత వెనకబడిందో అంత మందం వాషర్లు దాని షాఫ్టు మీద, చక్రం వెనక వేయండి. తేడా మిల్లీమీటరు లోపుంటే, బ్లేడు నిలకడగా తిరుగుతుంటే, ముట్టుకోకండి. ఇక్కడ అతిగా సరిచేయబోయి చెడగొట్టుకున్నవాళ్ళు ఎక్కువ.

బ్లేడు ఎక్కించేముందు పై గైడు, కింది గైడు రెండూ బ్లేడుకు తగలనంత వెనక్కి జరపండి. ఇది మరిచిపోతే ట్రాకింగ్, అంటే చక్రం మీద బ్లేడు నిలిచే చోటు, సరిగ్గా ఉందో, గైడు నెట్టడం వల్ల అలా కనిపిస్తోందో తెలియదు. బ్లేడు పళ్ళు బల్ల దగ్గర మీ వైపు, కొసలు కిందికి చూడాలి. పైకి చూస్తుంటే బ్లేడును లోపలిది బయటికి తిరగేయాలి, పై కిందులు మారిస్తే లాభం లేదు. కొద్దిగా బిగువు ఇచ్చి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెనకున్న ట్రాకింగ్ మరను పావు చుట్టు చొప్పున తిప్పండి. బ్లేడు టైరు మధ్యలో నిలవాలి. అర అంగుళం లాంటి వెడల్పు బ్లేడుకు పళ్ళ మధ్య గుంటలు టైరు నడిమి గీత మీద పడేలా పెడితే కోత పక్కకు లాగడం తగ్గుతుంది. పూర్తి బిగువు ఇచ్చాక ఇంకోసారి చూడండి, మారి ఉంటుంది. పది చుట్లు చేత్తో తిప్పినా కదలకపోతే తలుపులు మూసి, ఒక్క క్షణం స్విచ్చు వేసి తీసేయండి.

బిగువు ఎంత? యంత్రం మీది కొలబద్దను పూర్తిగా నమ్మొద్దు, స్ప్రింగు అలసిపోయిన కొద్దీ అది తప్పు చెబుతుంది. గైడు 6 అంగుళాల ఎత్తులో ఉంచి, మధ్యలో బ్లేడును వేలితో పక్కకు ఒక మాదిరిగా నొక్కితే పావు అంగుళం కంటే ఎక్కువ వంగకూడదు. ఇంకా కచ్చితంగా కావాలంటే, గైడ్లు వెనక్కి జరిపే ఉంచి, తలుపులు మూసి నడుపుతూ బిగువును నెమ్మదిగా తగ్గించండి. ఒక చోట బ్లేడు అదరడం మొదలవుతుంది. అక్కణ్ణించి అదురు ఆగేదాకా బిగించి, ఇంకో పావు చుట్టు కలపండి. చీల్చే పనికైతే మరికొంచెం.

తర్వాత బల్ల. చిన్న మూలమట్టాన్ని బల్ల మీద పెట్టి బ్లేడు చదునుకు ఆనించండి, పంటి కొసకు కాదు. పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచి ఉంటాయి కాబట్టి అది తప్పు చూపిస్తుంది. 90 డిగ్రీలు వచ్చాక బల్ల కింది ఆపుడు బోల్టును ఆనించి బిగించండి. సరిచూసే పరీక్ష ఒకటుంది. రెండంగుళాల మందం ముక్కలో కొంచెం కోసి ఆపి, ముక్కను పైది కిందికి తిరగేసి, ఆ గాడిని బ్లేడు వెనక వైపు నుంచి తోయండి. బ్లేడు వీపు గాడిలోకి తేలిగ్గా దూరితే లంబం సరిగ్గా ఉంది. రాసుకుంటే తేడా ఉంది, కంటికి కనిపించే తేడా నిజానికి సగమే సరిచేయాలి.

గైడ్లు చివర. పక్క గైడ్ల ముందు అంచు పళ్ళ గుంటలకు కాస్త వెనకే ఉండాలి. పళ్ళకు తగిలితే ఒక్క నిమిషంలో వాటి వాలు పోతుంది. పక్క గైడుకూ బ్లేడుకూ మధ్య నోటుపుస్తకం కాగితం ఒకటి పట్టాలి, అంటే 0.1 మి.మీ. రెండు వైపులా కాగితం పెట్టి, బ్లేడు వంగకుండా నొక్కి బిగించి కాగితాలు లాగేయండి. వెనకుండే బేరింగుకు సందు విజిటింగ్ కార్డు మందం. చెక్క కోయనప్పుడు ఆ బేరింగు తిరగకూడదు, కోసేటప్పుడు తిరగాలి. ఎప్పుడూ తిరుగుతుంటే బ్లేడు వీపు గట్టిపడి పగుళ్ళిస్తుంది. కింది గైడ్లు కనబడవు కాబట్టి చాలామంది వాటిని వదిలేస్తారు. చీల్చే కోత కింది భాగంలో తప్పుకోవడానికి అదే కారణం. పై గైడును ఒకసారి పూర్తిగా పైకి, ఒకసారి పూర్తిగా కిందికి జరిపి సందు చూడండి. మారుతుంటే గైడు కడ్డీ నిలువుగా లేదు. దాని బోల్టులు సరిచేయండి, కుదరకపోతే ఎత్తు మార్చినప్పుడల్లా గైడ్లు మళ్ళీ పెట్టుకోవాలి.

పక్కకు లాగే కోత

ఫెన్సు (పలకను ఆనించి తోసేందుకు బల్ల మీద బిగించే తిన్నని బద్ద) పక్కన పలకను తోస్తుంటే అది ఫెన్సు నుంచి దూరంగా జరగడమో, ఫెన్సుకు బలంగా నొక్కుకోవడమో జరుగుతుంది. ఇలా లాగితే వెంటనే ఫెన్సును వాల్చమని చాలామంది చెబుతారు. మేము ముందు బ్లేడును చూడమంటాం. ఒక వైపు పళ్ళు ఎక్కువ పదునుగా ఉంటే కోత ఆ వైపుకే పోతుంది. మేకుకు తగిలిన బ్లేడు సరిగ్గా ఇలాగే చేస్తుంది. ట్రాకింగ్, బిగువు మళ్ళీ చూడండి. తోసే వేగం తగ్గించి చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా లాగుతుంటే అప్పుడు ఫెన్సు. రెండడుగుల తిన్నని పలక మీద అంచుకు సమాంతరంగా గీత గీసి, ఫెన్సు లేకుండా చేత్తో ఆ గీతను అనుసరిస్తూ అడుగు దాకా కోయండి. పలకను కదపకుండా పట్టుకుని స్విచ్చు తీసేసి, పలక అంచు వెంట బల్ల మీద పెన్సిలు గీత గీయండి. ఫెన్సును ఆ గీతకు సమాంతరంగా బిగించండి. బ్లేడు మారిస్తే ఈ కోణం కూడా మారుతుంది.

చీల్చేటప్పుడు పలక ఒక ముఖం, ఒక అంచు ముందుగా చిత్రిక పట్టి ఉండాలి. వంకర ముఖాన్ని ఫెన్సుకు ఆనిస్తే ఏ అమరికా కాపాడదు. ఆరంగుళాల టేకును తొందరపడకుండా, మోటారు శబ్దం దిగకుండా ఉండే వేగంతో తోయండి. వేప లాంటి అడ్డదిడ్డంగా అల్లుకున్న పొర ఉన్న కర్రకు అందులో సగం వేగం.

శబ్దం, మచ్చలు చెప్పే సంగతులు

లయగా టిక్‌టిక్‌మంటే, సెకనుకు ఆరేడు సార్లు వస్తుంటే, అది బ్లేడు అతుకు గైడుకు తగలడం. 14 అంగుళాల యంత్రంలో బ్లేడు సెకనుకు సరిగ్గా అన్నిసార్లే చుట్టి వస్తుంది. అతుకు ఉబ్బును సన్న ఆకురాయితో రుద్దండి. అదే చోట పగులు కనిపిస్తే బ్లేడును ఇక నడపకూడదు. యంత్రమంతా అదురుతుంటే బ్లేడు తీసేసి మోటారు నడిపి చూడండి. అప్పుడూ అదిరితే బెల్టు ఒకే భంగిమలో చాలాకాలం ఉండి వంపు తిరిగి ఉంటుంది, లేదా పుల్లీ వదులైంది. అదరకపోతే టైరు, బ్లేడు. కోత మీద కాలిన మచ్చలు మొద్దు పళ్ళకు, లేదా మందం చెక్కకు ఎక్కువ పళ్ళున్న బ్లేడు వాడటానికి గుర్తు. మోటారు హుమ్మని తిరగకుండా ఉంటే ముందు కెపాసిటర్ మార్చి చూడండి. బ్లేడు తరచూ ముందుకు జారిపడుతుంటే టైరు ఉబ్బు అరిగిపోయింది.

పొట్టు కింది చక్రం దగ్గర పోగవుతుంది. చక్రానికి, బ్లేడుకు మధ్య పడి ముద్దగా అంటుకుంటే ట్రాకింగ్ చెడుతుంది. కింది చక్రానికి తగిలేలా పాత బట్టల బ్రష్షు ఒకటి బిగించండి. పొట్టు గొట్టం 4 అంగుళాలది ఉంటే మంచిది. టేకు పొడి కొందరికి దురద, ఆయాసం తెస్తుంది. ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

చేతులు

ఈ యంత్రం నిశ్శబ్దంగా, మెత్తగా కోస్తుంది, అందుకే దానంటే భయం పోతుంది. మాంసం దుకాణాల్లో ఎముకలు కోసేది కూడా ఇదే తరహా రంపం అని గుర్తుంచుకోండి. పై గైడు చెక్కకు పావు అంగుళం ఎత్తులోనే ఉండాలి. అంతకు మించి బ్లేడు బయట కనబడకూడదు. వేళ్ళు బ్లేడుకు సూటిగా ముందు ఎప్పుడూ ఉంచకండి. కోత చివరి మూడు అంగుళాలు తోసుడు కర్రతో పూర్తిచేయండి, ఎందుకంటే చెక్క ఒక్కసారిగా తెగి చెయ్యి ముందుకు దూసుకుపోయేది అక్కడే. చేతి తొడుగులు, భుజం మీద తువ్వాలు, లుంగీ అంచు, మణికట్టు దారాలు, గాజులు ఏవీ ఉండకూడదు.

గుండ్రటి కొమ్మను అలాగే బల్ల మీద పెట్టి అడ్డంగా కోస్తే పళ్ళు దాన్ని తిప్పేసి చేతిని బ్లేడు కిందికి లాగుతాయి. వి ఆకారంలో గాడి కోసిన చెక్కలో దాన్ని కూర్చోబెట్టి, మరతోనో మేకుతోనో కదలకుండా బిగించాకే కోయాలి. వంపు మధ్యలో ఇరుక్కుంటే వెనక్కి లాగొద్దు, బ్లేడు చక్రాల మీదినుంచి ఊడిపోతుంది. స్విచ్చు తీసి, చక్రం పూర్తిగా ఆగాక బయటికి తీయండి. వంపు కోయకముందే బయటి వైపు నుంచి అడ్డంగా నాలుగైదు విడుపు కోతలు పెట్టుకుంటే, వృథా చెక్క ముక్కలు ముక్కలుగా రాలిపోయి ఇరుక్కోవడమే ఉండదు.

పని అయ్యాక బిగువు మరను వదులు చేయండి. ఎన్ని చుట్లు వదిలారో సుద్దతో తలుపు మీద రాసి, మర తలకు ఎర్ర గుడ్డ ముక్క కట్టండి. బిగువు లేకుండా స్విచ్చు వేస్తే బ్లేడు ఊడిపోతుంది, ఆ గుడ్డ కనబడితే చెయ్యి ఆగుతుంది. వారాల తరబడి బిగించి వదిలేస్తే టైరు మీద బ్లేడు ఒత్తిడికి పల్లాలు పడి, మళ్ళీ నడిపినప్పుడు చక్రం చుట్టుకోసారి దడదడమంటుంది.